గుంట దాటిన పిల్లి

వేసవి సెలవులకు కాకినాడ వచ్చిన మనవరాలు మూడో రోజు మధ్యాహ్నం ట్యాబ్ తెచ్చి నా ఒళ్లో పడేసింది. "పిల్లి మళ్లీ నీళ్లలో పడింది అమ్మమ్మా" అంది. ఆరేళ్ల పిల్ల. తెర మీద ఒక నారింజరంగు పిల్లి, దాని ముందు తను వేలితో గీసిన నీలం గుంట ఉన్నాయి. పిల్లి గుంట మీంచి దూకి అవతల దిగాలట. తెర అడుగున మూడు బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి: పచ్చజెండా, కుడివైపు బాణం, గెంతే బొమ్మ. జెండా నొక్కాను. పిల్లి బుద్ధిగా నడుచుకుంటూ వెళ్లి, గుంట నడిమధ్యన ఆగి, అప్పుడు గెంతింది.

నోరు తెరవబోయి ఆపుకున్నాను. ముప్ఫై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. తప్పు కనబడితే ఎర్ర సిరా పెన్ను కోసం వేళ్లు వాటంతటవే వెతుక్కుంటాయి.

ఆ యాప్ పేరు స్క్రాచ్ జూనియర్. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం చేసింది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మరీనా ఉమాషీ బర్స్ బృందం, ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం, ప్లేఫుల్ ఇన్వెన్షన్ కంపెనీ కలిసి తయారుచేశారు. 2014లో ముందు ఐప్యాడ్ మీద వచ్చింది, తర్వాత ఆండ్రాయిడ్‌కీ వచ్చింది. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లల కోసం 2007లో వచ్చిన స్క్రాచ్‌కి ఇది చెల్లెలు. ఇంట్లో చిన్నపిల్లలకి కోడింగ్ ఎలా మొదలుపెట్టాలని అడిగేవాళ్లకి ఇంతవరకు ఎవరైనా చెబుతారు. నెల రోజులు పిల్ల పక్కన కూర్చుని చూశాక నేను చెప్పదలచింది దాని పనితనం గురించి. పిల్ల చేయగల తప్పుల్లో వేటికి దారి మూసేశారో, వేటికి తెరిచి ఉంచారో చూస్తే, చేసినవాళ్లు పాఠం చెప్పడం తెలిసినవాళ్లని అర్థమవుతుంది.

నాకు పోల్చుకోవడానికి ఒకటుంది. మా బడికి మొదటిసారి కంప్యూటర్లు వచ్చినప్పుడు పిల్లలకి లోగో నేర్పమన్నారు. 1967లో సీమోర్ పాపర్ట్, సింథియా సోలమన్, వాలీ ఫోయర్‌జైగ్ పిల్లల కోసమే తయారుచేసిన భాష అది. ఆజ్ఞ టైపు చేస్తే తెర మీద తాబేలు నడుస్తూ గీత గీస్తుంది. గొప్ప ఆలోచన. తాబేలు చతురస్రం గీయడం మొదటిసారి చూసినప్పుడు నేను పిల్లలకంటే ముందు చప్పట్లు కొట్టాను. అయితే అక్షరాలు వెతుక్కుని ఒక్కొక్కటే కొట్టే పిల్లలకి స్పెల్లింగులో ఒక్కటి తారుమారైతే చాలు, ఆట అక్కడితో ఆగిపోయేది. "అదెలా చేయాలో నాకు తెలీదు" అనేది తెర. మందలింపు లేని మాటే. తాబేలుకి రాదు కాబట్టి నేర్పమన్నట్టు ఉండేది. అయినా పీరియడంతా ఇంగ్లీషు స్పెల్లింగులు దిద్దడంతోనే సరిపోయేది. చతురస్రానికి ఎన్ని మలుపులని ఆలోచించే తీరిక ఎక్కడిది?

ఆ పాపర్ట్ శిష్యురాలే మరీనా బర్స్. రెస్నిక్ కూడా ఆయన దగ్గర పనిచేసినవాడే. గురువు విడిచిన చోట శిష్యులు చెయ్యి పెట్టారని బిళ్ళల్ని చూస్తే తెలుస్తుంది.

ఇక ఆ బిళ్ళల సంగతి. యాప్ వాళ్లు బ్లాకులంటారు, మా బుజ్జి బిళ్ళలంటుంది, నాకు బుజ్జి మాటే నచ్చింది. ప్రతి బిళ్ళకీ కుడిపక్కన చిన్న బొడిపె, ఎడమపక్కన అది ఇమిడే గాడి ఉంటాయి. పక్కపక్కన పెడితే అతుక్కుంటాయి. మొదలుపెట్టే పసుపు బిళ్ళకి ఎడమపక్క గాడి లేదు, దాని ముందు ఇంకేదీ ఆనదు. ముగించే ఎర్ర బిళ్ళకి కుడిపక్క బొడిపె లేదు, దాని తర్వాత ఏమీ పట్టదు. "ఇక్కడ పెట్టకూడదు" అనే మందలింపు మాట ఆ యాప్‌లో నాకెక్కడా కనబడలేదు. పెట్టకూడని చోట అసలు పట్టదు, అంతే. పెద్ద భాషల్లో వ్యాకరణమని పుస్తకాలు రాసిన విషయాన్ని ఇక్కడ బిళ్ళ అంచులోనే చెక్కేశారు. ఒక బిళ్ళ పట్టి లాగితే దాని కుడిపక్కనున్నవన్నీ రైలుపెట్టెల్లా వెంట వస్తాయి. అక్కర్లేనిదాన్ని పైనున్న వరుసలోకి తోసేస్తే పోతుంది. వరుస నడుస్తున్నప్పుడు ఏ బిళ్ళ వంతు వస్తే ఆ బిళ్ళ మెరుస్తుంది. ఈ ఒక్క ఏర్పాటు కోసం నేను ఎన్ని మార్కులైనా వేస్తాను. పిల్లి చేసే పనీ, బిళ్ళ చెప్పే మాటా పక్కపక్కనే కనబడుతుంటే, పొరపాటు ఏ బిళ్ళ దగ్గర జరిగిందో బుజ్జే వేలు పెట్టి చూపిస్తుంది.

బిళ్ళల మీద మాటలు లేవు. బొమ్మలూ అంకెలే. ఐదేళ్ల పిల్లలకి చదవడం రాదని తయారుచేసినవాళ్లు అలా పెట్టి ఉంటారు. మన ఇళ్లలో దానికి ఇంకో లాభం ఉంది. తెలుగు మీడియం పిల్లా, ఇంగ్లీషు మీడియం పిల్లా ఇక్కడ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఆకుపచ్చ బిళ్ళల్లో మైకు గుర్తున్నది నొక్కితే మన గొంతు రికార్డు చేసుకోవచ్చు. బుజ్జి పిల్లి కోసం నా చేత "బుడుంగ్" అనిపించింది. మూడుసార్లు. మొదటి రెండూ సరిగ్గా రాలేదట.

అంకెల దగ్గర ఇంకా మెచ్చుకోవాలి. లోగోలో తాబేలుని పక్కకి తిప్పాలంటే 90 అని చెప్పాలి, చుట్టూ తిప్పాలంటే 360. ఆరేళ్ల పిల్లకి 90 అంటే ఏమిటి? ఇక్కడ తిరుగుడు బిళ్ళలో 12 వేస్తే బొమ్మ పూర్తిగా ఒక చుట్టు తిరుగుతుంది. 6 అంటే అరచుట్టు, 3 అంటే పావు. గోడ మీద గడియారం చూసిన ఏ పిల్లకైనా అందే కొలత. లెక్కల పంతులమ్మగా నాకు ఇంకొకటి కనబడింది. పన్నెండుని సగం చేయొచ్చు, మూడు భాగాలు, నాలుగు భాగాలు, ఆరు భాగాలు చేయొచ్చు, ఎక్కడా శేషం మిగలదు. పది పెట్టి ఉంటే పావు దగ్గరే ఇరుక్కునేవాళ్లు. భిన్నాలు చెప్పడానికి నేను ఎన్ని దోసెలు ముక్కలు చేశానో! ఈ ఒక్క బిళ్ళ చేతిలో ఉండి ఉంటే సగం దోసెలు మిగిలేవి. ఆట జరిగే అరుగు కూడా అడ్డం 20, నిలువు 15 గడులు. కావాలంటే గడుల గీతలు కనబడేలా పెట్టుకోవచ్చు. పిల్లి ఎన్ని అడుగులు వేయాలో వేలితో లెక్కపెట్టుకోవచ్చు.

అన్నీ ఇంత చక్కగా కుదరలేదు. ఆగమనే బిళ్ళలో సెకనులో పదో వంతు లెక్క పెట్టారు. 10 అని వేస్తే పిల్లి ఆగేది ఒక్క సెకను. బుజ్జి పది దాకా లెక్కపెట్టబోయింది, రెండు అనేలోపే పిల్లి కదిలింది. పక్కన 12 అంత ఆలోచించి పెట్టినవాళ్లు ఇక్కడ ఎందుకు తొందరపడ్డారో! ఒక బొమ్మ ఇంకో బొమ్మకి కబురు పంపే బిళ్ళ మీద ఉత్తరం కవరు గుర్తు వేశారు. మా మనవరాలు పుట్టాక ఆ ఇంటికి కవరులో ఉత్తరమే రాలేదు. "ఇదేంటి, పర్సా?" అని అడిగింది.

మళ్లీ గుంట దగ్గరికి వద్దాం. నేను నోరు మెదపలేదు. బుజ్జి గెంతు బిళ్ళని ముందుకి తెచ్చి నడక బిళ్ళని వెనక్కి పెట్టింది. పిల్లి ఉన్నచోటే గెంతి, తర్వాత నీళ్లలోంచి నడుచుకుంటూ పోయింది. నడక, గెంతు, నడక అని మూడు ముక్కలు చేసింది. గుంట నడుమ గెంతింది పిల్లి. బిళ్ళలన్నీ సరిగ్గా అతుక్కున్నాయి, తెర ఏ అభ్యంతరమూ చెప్పలేదు. పిల్లి మాత్రం తడుస్తూనే ఉంది. నేను ఇందాక అన్న పనితనం ఇక్కడే ఉంది. చేతికి సంబంధించిన తప్పులన్నిటినీ అంచులు చెక్కి మూసేసినవాళ్లు, ఈ తప్పు జోలికి మాత్రం రాలేదు. ఒకదాని తర్వాత ఒకటి జరగడం వేరు, రెండూ ఒకేసారి జరగడం వేరు. ఆ తేడా ఏ బొమ్మా నేర్పదు, తడిసి తెలుసుకోవలసిందే.

మర్నాడు పొద్దున్న నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే పరుగెత్తుకొచ్చింది. ఇంకో పచ్చజెండా బిళ్ళ తెచ్చి కింద రెండో వరుస మొదలుపెట్టిందట. పై వరుసలో నడక, కింది వరుసలో గెంతు. జెండా నొక్కితే రెండు వరుసలూ ఒక్కసారే కదిలాయి. పిల్లి గాల్లో వంపు తిరిగి దూకింది! చివర్లో తోక కొంచెం తడిసింది. దానికి మా పిల్ల కనిపెట్టిన ఉపాయం నాకు తట్టేది కాదు. గుంటకి కుంచించే బిళ్ళ ఒకటి వేసి గుంటనే చిన్నది చేసేసింది. ఇంజనీరైన మా అల్లుడు ఫోన్‌లో ఇది విని నవ్వి, ఆఫీసులో మేమూ అదే చేస్తాం అత్తయ్యా అన్నాడు.

ఇందులో "ఒకవేళ ఇలా అయితే అలా చెయ్యి" అనే బిళ్ళ లేదు. అంకెలు దాచుకునే డబ్బా లేదు. కథకి నాలుగు పేజీలకి మించి లేవు. మన ఆటవెలదికి నాలుగు పాదాలున్నట్టే అనుకున్నాను. ఇరుకులో ఇమడ్చడం కూడా నేర్చుకోవలసిన పనే. "ఒకవేళ"కి బదులు, ఒక బొమ్మ ఇంకోదానికి తగిలితే మొదలయ్యే పసుపు బిళ్ళ ఒకటి పెట్టారు. గుంటకి అది తగిలించి పక్కన నా బుడుంగ్ బిళ్ళ అతికించింది బుజ్జి. ఇప్పుడు ఎవరు నీళ్లలో పడినా నా గొంతు వినిపిస్తుంది. ఆ ఆట చూస్తుంటే, 2020లో కరోనా రోజుల్లో ఆరేళ్ల పిల్లలు యాప్‌లు తయారుచేసి కోట్లు తెస్తారని టీవీలో ఊదరగొట్టిన ప్రకటనలు గుర్తొచ్చాయి. మన జాతీయ విద్యావిధానం అదే ఏడాది కోడింగ్‌ని ఆరో తరగతి నుంచి అంది. ఆరేళ్లకి కావలసింది, దొరికింది మాత్రం నా పక్కన చాప మీద ఉంది.

ఇంట్లో నేర్పేవాళ్లు చేయవలసిన పని ఏమిటంటే నాకు తెలిసినంతవరకు ఒకటే, అది కష్టమైనది. పక్కన కూర్చోవాలి, చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. "పిల్లి ఏం చేసింది? నువ్వు ఏం చెయ్యమన్నావు?" అని ఈ రెండే అడగాలి. మూడో మాట నాలుక చివరికి వస్తుంది. దాన్ని మింగడానికి నాకు నెల పట్టింది.

వెళ్లేముందు రోజు కుక్కని తెచ్చింది. పిల్లి వరుసల్ని వేలితో లాగి కుక్క బొమ్మ మీద వదిలితే అవే బిళ్ళలు కుక్కకీ వచ్చేస్తాయని తనే కనిపెట్టుకుంది. కుక్కని మాత్రం పిల్లి కంటే వెనక నిలబెట్టింది. జెండా నొక్కింది. కుక్క దర్జాగా దూకి సరిగ్గా గుంటలో దిగింది. "బుడుంగ్" అంది నా గొంతు.

బుజ్జి నా వైపు చూసింది. నేను కాఫీ కలుపుకోవడానికి లేచాను. వంటింట్లోకి వెళ్తుంటే వెనక గడులు లెక్కపెట్టడం వినబడింది: ఒకటి, రెండు, మూడు...