సౌజన్యం: గూగుల్

శుక్రవారం తెల్లవారేసరికి మన ఫోనుల్లో కనీసం అరడజను మంది లక్ష్మీదేవులు కొలువు తీరి ఉంటారు. పెద్దమ్మ పంపిన లక్ష్మి, ఆడపడుచు పంపిన లక్ష్మి, ఎప్పుడో రైల్లో కలిసి నంబరు తీసుకున్నావిడ పంపిన లక్ష్మి. చేతులు మారీ మారీ కొన్ని ఎంత మసకబారాయంటే, అమ్మవారి ముఖం కంటే కింద రాసిన 'శుభోదయం' స్పష్టంగా కనిపిస్తుంది. భక్తికి నేను అడ్డు చెప్పను. నా గొడవల్లా బొమ్మ మూలన ఉండాల్సిన చిన్న సంతకం గురించే. అది ఉండదు. దాన్ని కత్తిరించేసి, ఆ చోట ఎవరో తమ చీరల దుకాణం నంబరు వేసుకుంటారు. కాస్త మర్యాద తెలిసినవాళ్ళయితే 'సౌజన్యం: గూగుల్' అని రాస్తారు.

గూగుల్ కుంచె ఎప్పుడు పట్టిందండీ? అది వెదికి చూపిస్తుంది, అంతే. ఆవకాయ అద్భుతంగా ఉందని, పెట్టిన అత్తయ్యగారిని వదిలేసి జాడీ ఉన్న అలమారకి దణ్ణం పెట్టినట్టుంది ఈ వ్యవహారం.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం బొమ్మ వేసినప్పుడే దానిమీద హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషను చేయించనక్కర్లేదు, కింద ఏ గుర్తూ వేయనక్కర్లేదు. చిత్రకారుడు బతికున్నంత కాలమూ, పోయిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళూ ఆ హక్కు ఉంటుంది. ఆ లెక్కన 1906లో కన్నుమూసిన రాజా రవివర్మ గారి లక్ష్మీ సరస్వతులు ఇప్పుడు అందరి సొత్తు. 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టించి దేవుళ్ళను ఇంటింటికీ పంపిన మనిషి ఆయన. మనం పంపుకుంటే ఏమీ అనుకోరు! వడ్డాది పాపయ్యగారు 1992లో పోయారు. ఆయన బొమ్మల మీద హక్కు 2052 చివరిదాకా ఉంది. 2014లో వెళ్ళిపోయిన బాపుగారి బొమ్మలకి 2074 చివరిదాకా. అంటే మన మనవలు శుభలేఖలు అచ్చు వేయించే నాటికి కూడా అడగాల్సిందేనన్నమాట.

ఈ మాట ఎత్తగానే వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చు. 'దీంట్లో నాకేమైనా డబ్బొచ్చిందా?' అంటారు. ఇంట్లో దాచుకుని చూసుకోవడానికీ, చదువుకీ, చిత్రం మీద విమర్శ రాయడానికీ చట్టం వెసులుబాటు ఇచ్చింది. ఊరందరికీ పంచిపెట్టడం అందులోకి రాదు, పైసా మిగలకపోయినా సరే. 'పేరు వేశానుగా?' అంటారు. పక్కింటి పెరట్లో మల్లెలు కోసుకొచ్చి, ఇవి పక్కింటివారివని చెప్పినంత మాత్రాన అడిగినట్టవుతుందా? 'ఎవరిదో తెలియలేదండీ' అంటారు. రోడ్డు మీద గొలుసు దొరికితే మెళ్ళో వేసుకుని పేరంటానికి వెళ్ళం కదా. పైగా బొమ్మను చూపించి దాని పుట్టిల్లు వెదికే సదుపాయం ఇప్పుడు ఆ ఫోనులోనే ఉంది.

నాకు తెలిసిన ఒకమ్మాయి పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రులు బొమ్మలు వేస్తుంది. ఒక్కోదానికి నాలుగైదు రాత్రులు పడుతుంది. ఓ పెళ్ళిలో చేతికందిన శుభలేఖ మీద తన గౌరీపూజ బొమ్మే ఉంది. పెళ్ళికూతురి చీర రంగు మాత్రం ఎవరో మార్చారు. అచ్చు వేసినాయన్ని అడిగితే, 'నెట్‌లో ఉందమ్మా, నెట్‌లో ఉన్నది అందరిదీనూ' అన్నాడట నిదానంగా. 'దానికి కాదు ఆంటీ నా బాధ. మొన్న ఒకావిడ బొమ్మ వేసిమ్మని అడిగి, ధర చెప్పగానే, ఊరికే దొరుకుతుంటే నీకెందుకివ్వాలి అంది' అని చెప్పుకొచ్చింది. పోయింది ఒక్క బొమ్మ కాదు, రేపటి పని.

డబ్బు సంగతి అలా ఉంచండి. అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్‌కి పెద్ద కంచు కుడ్యశిల్పం చేసిచ్చారు. 1979లో ఆయనకి మాటమాత్రం చెప్పకుండా దాన్ని ఊడదీసి గోదాములో పడేశారు. ప్రభుత్వం డబ్బిచ్చి చేయించుకున్నదే! అయినా 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన భాగాల్ని ఆయనకి తిరిగివ్వమనీ, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమనీ తీర్పిచ్చింది. అమ్మేశాక కూడా 'ఇది నాది' అనే హక్కూ, పాడుచేస్తే నిలదీసే హక్కూ కళాకారుడికి ఉంటాయి. సంతకం కత్తిరించే వేళ్ళకి ఈ సంగతి తెలియాలి.

ఇక పాత వారపత్రికల బొమ్మల్ని స్కాన్ చేసి పెట్టేవాళ్ళున్నారు. వాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాదు. వాళ్ళ ఓపికే లేకపోతే సగం బొమ్మలు అటకల మీద చెదల పాలయ్యేవి. కానీ ఆ మంచిపని కూడా సగంలో ఆగుతోంది. ఏ పత్రిక, ఏ సంచిక, ఎవరి గీత అన్నది రాయకపోతే, బొమ్మని చెదల నుంచి కాపాడి అనాథని చేసినట్టే. పత్రికలో జీతానికి పనిచేసిన చిత్రకారుడైనా, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికల్లో వేసుకునే హక్కే యజమానిది. మిగతా హక్కులు బొమ్మ వేసినవారివే. కాబట్టి పత్రిక మూతపడిందని అడగడం మానెయ్యడానికి లేదు. ఆ ఇంట్లో పిల్లలో మనవలో ఉంటారు.

నా నవలల ముఖచిత్రాలకోసం అడిగినప్పుడు నన్ను కసిరినవాళ్ళు లేరు. ఇద్దరు కాదన్నారు, మానేశాను. తక్కినవాళ్ళు సంతోషించారు. జవాబు కాగితం మీద ఉండాలి, ఎందుకు, ఎన్ని ప్రతులు అన్నది అందులో ఉండాలి. పెద్ద భాష అక్కర్లేదు. 'అమ్మా, మీ బొమ్మ మా అమ్మాయి శుభలేఖకి వేసుకోవచ్చా? ఎంతివ్వమంటారు?' రెండే వాక్యాలు. రెండోది మరిచిపోకండి.