స్ప్రింగులు మారిస్తే వారంటీ పోతుందా?

ఇక్కడ అమెరికాలో కొత్తగా మాజ్డా మియాటా కొన్న తెలుగు కుర్రాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, స్ప్రింగులు మారిస్తే వారంటీ మొత్తం పోతుందటగా?"

మార్చాలన్న ఆశ సహజమే. ఈ కారు అందమంతా సస్పెన్షన్‌లో ఉంది. 1989లో వచ్చిన తొలి మియాటాకే నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ పెట్టారు. మలుపు తిరుగుతుంటే రోడ్డు తీరు చేతికి తెలుస్తుంది. ఆ సుఖం ఇంకాస్త కావాలనిపించి నేనూ సెలవు రోజుల్లో కారు కిందికి దూరుతుంటాను.

వారంటీ మొత్తం పోదు. బయటి కంపెనీ భాగం వేశారన్న ఒక్క సాకుతో వారంటీ లేదనడానికి 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఒప్పుకోదు. ఆ భాగం వల్లో, దాన్ని బిగించిన తీరు వల్లో నష్టం జరిగిందని కంపెనీ చూపించాలి. స్ప్రింగులు మార్చిన కారులో ఏసీ చెడిపోతే ఆ రెండింటికీ సంబంధం లేదు. షాక్ అబ్సార్బర్ కారడం మొదలుపెడితే మాత్రం ఉండొచ్చు. పొట్టి స్ప్రింగు వేస్తే కారు కిందికి దిగుతుంది, షాక్ రాడ్డు ఆడే జాగా తగ్గుతుంది, గుంతలో పడ్డప్పుడల్లా బంప్ స్టాప్‌కి కొట్టుకుంటుంది. అప్పుడు కంపెనీ కాదంటే ఆ మాటలో న్యాయముంది.

అసలు కొత్త కారుకు మాజ్డా ఇచ్చే 3 ఏళ్లు లేదా 36,000 మైళ్ల వారంటీ తయారీలో లోపానికే. అరుగుదలకు, రేసుల్లో జరిగిన నష్టానికి అది వర్తించదు. షాక్ మీద పలచటి నూనె చెమ్మ కనిపించగానే కొత్తది ఇమ్మని అడగలేం. ఆ చెమ్మ మామూలే. నూనె కిందికి కారుతుంటేనే లీకు.

చేతిపని విలువ బాగా తెలిసేది రబ్బరు బుష్‌ల దగ్గర. బుష్ లోపలి ఇనుప గొట్టాన్ని బోల్టు కదలకుండా పట్టేస్తుంది. కంట్రోల్ ఆర్మ్ ఊగినప్పుడు మెలితిరిగేది రబ్బరే. చక్రాలు గాల్లో వేలాడుతుండగా ఆ బోల్టు పూర్తిగా బిగిస్తే, కారు నేలకు దిగేసరికే రబ్బరు మెలిపడి ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. అందుకే బోల్టును ముందు వదులుగా ఎక్కించి, కారు బరువంతా చక్రాల మీద పడ్డాకే టార్క్ రెంచితో బిగిస్తాను. అక్కడ తప్పు జరిగితే అది కంపెనీ లోపం కాదు, బిగించిన చేతిది.

అందుకే కుర్రాళ్లకు రెంచితో పాటు ఒక నోటుపుస్తకం కూడా ఉంచుకోమంటాను. ఏ రోజు ఏ భాగం వేశారో, ఏ బోల్టు ఎంత టార్క్‌కు బిగించారో రాసుకోండి. అలైన్‌మెంట్ చేయించిన ప్రతిసారీ కొలతల కాగితం అడిగి తీసుకోండి. తీసిన పాత భాగాలు పారేయకండి. ఏదైనా చప్పుడు వస్తే వారంటీ గడువు లోపలే డీలర్‌కు చూపించి, రిపేర్ ఆర్డర్‌లో రాయించండి. వర్తించదంటే కారణం కాగితం మీద ఇమ్మని మర్యాదగా అడగండి. కౌంటర్ దగ్గర నోటిమాటగా "మీ వారంటీ పోయింది" అనగానే తలూపి వచ్చేయకండి.

మన చెయ్యి పడిన చోట పూచీ మనది, పడని చోట కంపెనీది. ఏ భాగం దేనివల్ల పాడవుతుందో తెలుసుకున్నవాడు తన తప్పు ఒప్పుకోనూ గలడు, తనకు రావలసింది అడగనూ గలడు.