గోడెక్కిన చౌడు

ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. అనంతపురం కరువు సీమలో, బత్తలపల్లె లాంటి చోట ఇంట్లో గోడకు చెమ్మ పట్టిందంటే కోస్తా చుట్టాలు నవ్వుతారు. వాళ్లకు తెలియనిది నేలలోని ఉప్పు, అంటే చౌడు సంగతి.

పునాదిలోని తడి ఇటుకల సన్నని రంధ్రాల గుండా పైకి పాకుతూ ఉప్పును వెంటబెట్టుకొస్తుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం పూత కింద పలుకులు కడుతుంది. ఆ పలుకులు పెరిగేకొద్దీ పూతను లోపలి నుంచి తోస్తాయి. మోకాలి ఎత్తున పెచ్చులూడేది అందుకే. గాలి పొడిగా ఉండే ఊళ్లో ఈ పని ఇంకా చురుగ్గా సాగుతుంది. ఉప్పటి బోరు నీళ్లతో సిమెంటు కలిపితే ఇక రోగం గోడతో పాటే పుడుతుంది.

అదే చౌడును సీమ జనం ఒకప్పుడు ఏరికోరి ఇంటి నెత్తిన వేసుకున్నారు! వానలకు ముందు మట్టి మిద్దెల మీద చౌడు మట్టి పరిచేవారు. అందులోని సోడియం వల్ల బంకమట్టి తడవగానే మెత్తని రేణువులుగా విడిపోయి సందులన్నీ మూసేస్తుంది. నీరు లోపలికి ఇంకక తూము దారి పడుతుంది. స్లాబులొచ్చాక ఏటేటా ఆ చాకిరీ తప్పింది గానీ, ఇల్లు ఉరవడం తప్పలేదు.

మరకపడ్డ గోడకు మందు రంగుడబ్బాలో ఉందనుకోవడం దగ్గరే అసలు తిప్పలు మొదలు. పండగ నాలుగు రోజుల్లో ఉందంటే పెయింటరు మాత్రం ఏం చేస్తాడు? పుట్టీ పామి, పైన ప్లాస్టిక్ ఎమల్షన్ కొట్టి పోతాడు. చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, కొన్నాళ్లకే రంగు బుడగలుగా లేస్తుంది. తప్పు అతనిదని తేల్చడం అన్యాయం. తొందర ఇంటాయనది.

ముందు నీరెక్కడిదో పట్టాలి. గోడ అవతల జలదారి ఉందా, పైన స్లాబు పగిలిందా? గోడకు ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా అతికించి ఒక రోజు ఉంచితే కొంత తెలుస్తుంది. కాగితం వెనక చెమ్మగిల్లితే తడి గోడలోదే. నీరొచ్చే ఆ దారి కట్టాక తడి గీత మీద మరో అడుగు దాకా పూత కొట్టేయాలి. బయటపడ్డ ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపాలి. కడిగితే అది మళ్లీ గోడలోకే దిగుతుంది. దులిపిన పొడిని గోడ మొదట్లో వదలకుండా ఊడ్చి పారేయాలి.

తర్వాత ఆరనివ్వాలి. అంగుళం మందానికి నెల అన్నది బ్రిటన్‌లో పాత లెక్క. సీమ ఎండకు అంత పట్టకపోవచ్చు గానీ వారంలో అయ్యే పని మాత్రం కాదు. ఆరాక సున్నం, ఇసుక కలిపిన పూత, దాని మీద సున్నమే మేలు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చి మళ్లీ సున్నపురాయిగా గట్టిపడుతుంది, అయినా ఆవిరిని పోనిస్తుంది. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది 16వ శతాబ్దపు బొమ్మలు కూడా సున్నపు పూత మీద వేసినవే. కప్పు నుంచి దిగిన తడికి వాటిలోనూ కొన్ని చెదిరాయి. పునాది తడి ఇంకా పూర్తిగా ఆగని పాత ఇళ్లలో ఈ పూత కూడా కొన్నేళ్లకు రాలుతుంది. అప్పుడు రాలిన మేర కొట్టేసి మళ్లీ వేస్తే సరిపోతుంది, ఇటుక మాత్రం నిలుస్తుంది.