ఎడిషన్లు మారినా చెదరని కోట

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు బోర్డు అక్కర్లేదు. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురైదుగురిలో ఒకరు డంజన్ మాస్టర్. గుహ ఎలా ఉందో, తలుపు వెనక ఏం కదులుతోందో ఆ ఒక్కరే చెబుతారు. మిగతావాళ్లు తమ పాత్రలు ఏం చేస్తాయో చెప్పి పాచిక వేస్తారు. ఆ గుహనూ తలుపునూ ముందే రాసిపెట్టిన పుస్తకమే అడ్వెంచర్. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన ఈ ఆటకు 1989లో రెండో ఎడిషన్, 2000లో మూడోది, 2008లో నాలుగోది, 2014లో ఐదోది వచ్చాయి. నియమాలు మారినప్పుడల్లా పాత అడ్వెంచర్లు అటకెక్కాలి. కొన్ని ఎక్కలేదు. ఎందుకో తెలియాలంటే వాటిని విప్పి, ఒక్కో భాగం చూడాలి.

ముందుగా అన్నిటికంటే చిన్న భాగం: శత్రువు వివరాలుండే వరస. 1981 నాటి బేసిక్ నియమాల్లో ఓర్క్ అనే రాక్షసుడి ఆర్మర్ క్లాస్, అంటే రక్షణ అంకె, 6. అప్పట్లో ఈ అంకె తగ్గేకొద్దీ రక్షణ ఎక్కువ. ఒంటిమీద కవచమే లేనివాడికి 9, ప్లేట్ కవచం తొడిగినవాడికి 3. మూడో ఎడిషన్ దీన్ని తిరగేసింది, అంకె ఎంత పెద్దదైతే రక్షణ అంత ఎక్కువ. ఆ 1981 నియమాలనే మళ్లీ పొందికగా కూర్చిన ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్‌లో గావిన్ నార్మన్ రెండు పద్ధతులనూ పక్కపక్కనే అచ్చువేశాడు: 6 [13]. పాత పద్ధతి అలవాటైనవారు కొట్టేవాడి థాకో (ఆర్మర్ క్లాస్ 0 ఉన్నవాణ్ణి తాకడానికి పడాల్సిన అంకె) 19లోంచి 6 తీసేసి, ఇరవై ముఖాల పాచిక మీద కనీసం 13 పడాలని చూస్తారు. కొత్త పద్ధతివారు తీసివేత జోలికి పోకుండా నేరుగా 13 కోసమే వేస్తారు. ఎటునుంచి వచ్చినా పాచిక మీద పడాల్సింది ఒకటే. బల్లకు అటూ ఇటూ కూర్చున్నవాళ్ల మధ్య పేచీ లేకుండా చేసింది ఆ రెండంకెల బ్రాకెట్టు.

2014 నాటి ఐదో ఎడిషన్ తెరిచినా ఓర్క్ ఆర్మర్ క్లాస్ 13 అనే ఉంటుంది. అది చూసి అన్నీ ఇలాగే లెక్కకు లొంగుతాయనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఎంత దెబ్బ తట్టుకోగలడో చెప్పే హిట్ పాయింట్లు పాత ఓర్క్‌కు సగటున 4, కొత్తవాడికి 15. పాతవాణ్ణి చంపితే పాత్ర ఎదగడానికి పనికొచ్చే అనుభవ పాయింట్లు 10, కొత్తవాణ్ణి చంపితే 100. అంటే ‘గదిలో ఆరుగురు ఓర్కులు’ అన్న మాటలో ‘ఆరుగురు’ కూడా ఎడిషన్‌ను నమ్ముకున్న అంకే. పాత బల్ల మీద వాళ్లందరి బలం కలిపి 24, కొత్త బల్ల మీద 90.

చెయ్యి తిరిగిన రచయిత ఇక్కడ చేసే పని చూడండి. ఓర్కులు ఎందరో చెప్పి ఊరుకోడు, ఏం చేస్తున్నారో చెబుతాడు. ఇద్దరు నిద్రలో ఉన్నారు, ముగ్గురు జూదంలో మునిగారు, ఒకడు గంట పక్కన నిలబడి ఉన్నాడు. గొడవ మొదలైన క్షణమే వాడు గంట కొడతాడు. పోరు మరీ భారమనిపిస్తే డంజన్ మాస్టర్ జూదగాళ్లలో ఇద్దర్ని తీసేయవచ్చు. గంట దగ్గరివాడు మాత్రం ఉండి తీరాలి, గది ప్రాణమంతా వాడిలోనే ఉంది. వాడికి ఎన్ని హిట్ పాయింట్లున్నా గంట ఒకేలా మోగుతుంది.

తర్వాతది నేలలో దాచిన గొయ్యి. దాగినవాటిని కనిపెట్టే లెక్క కూడా ఎడిషన్‌తో మారుతుంది. 1981 నియమాల్లో రహస్య ద్వారం కనిపెట్టాలంటే ఆరు ముఖాల పాచిక మీద 1 పడాలి, ఎల్ఫ్‌లకైతే 1 గానీ 2 గానీ. మూడో ఎడిషన్‌లో దీనికి బదులు కష్టాన్ని కొలిచే అంకె వచ్చింది. అక్కడ 15 అంటే ‘గట్టిది’, ఐదో ఎడిషన్‌లో అదే 15 అంటే ‘మధ్యస్థం’. అంకె అదే, అర్థం వేరు. అందుకే గొయ్యి గురించి అంకె కంటే ముందు ఆనవాళ్లు రాస్తారు. నడవాలో మిగతా రాళ్ల మీద దుమ్ము పేరుకుంది, ఈ నాలుగు రాళ్ల మీద లేదు. కర్రతో తడితే డొల్ల చప్పుడు వస్తుంది. ఇరుసు గోడవైపు ఉంది కాబట్టి గోడవారగా నడిచినవాడు పడడు. ఇంత చదివిన డంజన్ మాస్టర్ తన పుస్తకంలోంచి తగిన అంకె తానే తీసుకుంటాడు. కర్రతో తట్టిన ఆటగాడికైతే పాచికే అక్కర్లేదు. వంట పుస్తకంలో ‘ఉప్పు తగినంత’ అని రాసేది కొలత తెలియకనా? వండేవాళ్ల ఉప్పు ఎంత ఉప్పనో వాళ్లకే తెలుసని.

కంటికి అంతగా ఆనని కీలు నిధి. 1981 నియమాల్లో గుహలోంచి ఒక బంగారు నాణెం బయటికి తెస్తే ఒక అనుభవ పాయింటు. ఓర్క్‌ను చంపితే పదే వస్తాయి గనుక, వాడి కన్నుగప్పి పెట్టె ఎత్తుకుపోవడమే తెలివి. ఐదో ఎడిషన్‌లో బంగారానికి ఆ విలువ లేదు. పెట్టెను ఉన్నదున్నట్టు తెచ్చి పెడితే ఆటగాళ్లు దొంగనడక మానేసి కత్తి దూస్తారు, అడ్వెంచర్ పేరు అదే అయినా ఆట వేరైపోతుంది. కాబట్టి నక్కి వెళ్లడానికి రెండో కారణం కల్పించాలి. బందీ ఉన్నాడు, గంట మోగితే వాణ్ణి చంపేస్తారు.

ఈ భాగాలన్నీ ఒక్కటిగా బిగిస్తే ఎలా ఉంటుందో ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు 1983లో రాసిన రావెన్‌లాఫ్ట్ చూపిస్తుంది. స్ట్రాడ్ అనే రక్తపిశాచి కోట అది. డేవిడ్ సదర్లాండ్ దాని పటాన్ని ఏటవాలుగా, అంతస్తు మీద అంతస్తు కనిపించేలా గీశాడు. ఆట మొదట్లో మేడం ఈవా పేకముక్కలు పరిచి జోస్యం చెబుతుంది. స్ట్రాడ్‌ను ఎదిరించే ఖడ్గం ఎక్కడుందో, స్ట్రాడ్ ఎక్కడ ఎదురవుతాడో ఆ ముక్కలే తేలుస్తాయి. ముక్కలు మళ్లీ కలిపి పరిస్తే అదే కోటలో వేరే ఆట నడుస్తుంది.

ఈ కోట 1993లో హౌస్ ఆఫ్ స్ట్రాడ్‌గా రెండో ఎడిషన్‌కు, 2006లో ఎక్స్‌పెడిషన్ టు క్యాసిల్ రావెన్‌లాఫ్ట్‌గా మూడో ఎడిషన్‌ను సవరించిన 3.5 నియమాలకు, 2016లో కర్స్ ఆఫ్ స్ట్రాడ్‌గా ఐదో ఎడిషన్‌కు వచ్చింది. చివరిదాంట్లో జోస్యం చెప్పేది 54 ముక్కల టరోకా కట్టతో. స్ట్రాడ్ బలమూ అతని మంత్రాలూ ప్రతిసారీ తిరగరాశారు. జోస్యాన్ని మాత్రం కూలదోయాల్సిన పని పడలేదు. పేకముక్క చూపించేది అంకెను కాదు, చోటును. మేడం ఈవా ముక్క తిరగేస్తుంది. డంజన్ మాస్టర్ పటం మీద ఒక గదికి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటాడు. అప్పటికి పాచికలు ఇంకా సంచిలోనే ఉంటాయి.