గీజరు మూత విప్పించాక

సంక్రాంతి సెలవులు అయిపోతుండగా మా పై వాటా ఆవిడ గీజరు కింద బకెట్టు పెట్టుకుని మెకానిక్కును పిలిపించారు. వచ్చినతను బాత్‌రూమ్ గడప మీదే నిలబడి తలెత్తి చూశాడు. ‘ట్యాంకు పోయింది మేడమ్, కొత్తది తీసుకోండి’ అని, ఫోనులో ధర కూడా చూపించి దిగిపోయాడు. స్క్రూడ్రైవరు సంచిలోంచి బయటికే రాలేదు. వారమంతా నన్ను తొలిచేసిన సంగతి ఇదే.

ఈ శీర్షిక మొదటినుంచీ చదివేవారికి నా పట్టుదల తెలుసు. మిక్సీ జారు బుష్ గురించి రాసినా, కుట్టుమిషను బాబిన్ గురించి రాసినా నేను చెప్పింది ఒకటే: విప్పి చూడకుండా పారేయమనేవాడి మాట వినొద్దు.

గీజరు దగ్గర నీటి చుక్క కనబడినంత మాత్రాన ట్యాంకు పోయినట్టు కాదు. చల్లనీళ్ళు లోపలికి వెళ్ళే దారిలో సేఫ్టీ వాల్వు ఉంటుంది. కాగే నీళ్ళు వ్యాకోచిస్తాయి, మూసి ఉన్న ట్యాంకులో ఒత్తిడి పెరుగుతుంది, వాల్వు కాసిని నీళ్ళు బయటికి వదులుతుంది. కాగుతున్నంతసేపూ కారి, ఆ తర్వాత ఆగిపోతే అది తన పని తాను చేస్తున్నట్టే. స్విచ్చి వేయని రోజు కూడా కారుతుంటే వాల్వులో నలకో గారో ఇరుక్కుని ఉంటుంది, లేదా ప్రెషర్ పంపు ఒత్తిడి ఎక్కువై ఉంటుంది. ఆ చుక్కల చిరాకు భరించలేక వాల్వు మూతికి ఎంసీల్ పెట్టించినవారిని చూశాను. థర్మోస్టాట్ చెడిపోయి, దానికి తోడుండే కటౌట్ కూడా పనిచేయని రోజున లోపలి ఒత్తిడికి మిగిలే దారి అదొక్కటే. దయచేసి దాన్ని మూయకండి.

నీళ్ళు ఆలస్యంగా కాగుతున్నాయంటే వెంటనే ఎలిమెంటు మార్చేస్తుంటారు. ముందు చూడాల్సింది వోల్టేజి. 2000 వాట్ల ఎలిమెంటు ఉన్న 15 లీటర్ల గీజరు, 20 డిగ్రీల నీళ్ళను 60కి తేవడానికి 20 నిమిషాల పైన తీసుకుంటుంది. వోల్టేజి 230 నుంచి 200కు పడితే ఆ 2000 వాట్లు 1500 దగ్గరికి దిగిపోతాయి, అదే పనికి అరగంట దాకా పడుతుంది. స్విచ్చి వేయగానే ఆర్‌సీసీబీ పడిపోవడం మాత్రం వేరే సంగతి. చాలాసార్లు ఎలిమెంటు గొట్టం చిట్లి కరెంటు నీళ్ళలోకి పాకుతూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే ఆ స్విచ్చి మీ ప్రాణం కాపాడుతోంది. దాన్ని పదే పదే పైకెత్తకండి, దాన్ని తప్పించి వైరు కలుపుతానన్నవాణ్ని ఇంట్లోకి రానివ్వకండి.

ఇవన్నీ పై వాటా ఆవిడకు చెబుతుంటే మా అమ్మమ్మగారింటి రాగి బాయిలరు గుర్తొచ్చింది. తెనాలి దగ్గర పల్లెటూరు. పెరట్లో, బావికీ తడికల స్నానాల గదికీ మధ్య మూడు కాళ్ళ మీద ఉండేది. మధ్యలో నిలువుగా పొగగొట్టం, దాని చుట్టూ నీళ్ళు, అడుగున ఇనపచువ్వల జల్లెడ. పైనున్న గరాటులో చల్లనీళ్ళు పోస్తేనే పక్క ముక్కులోంచి వేడినీళ్ళు వచ్చేవి. పోసిన చన్నీళ్ళు అడుక్కి దిగి, పైన తేలిన వేడినీళ్ళను బయటికి నెట్టేవి. ఈనాటి గీజరు లోపలా జరిగేది సరిగ్గా ఇదే. పోసినన్ని నీళ్ళే బయటికి వస్తాయి కాబట్టి ఆ బాయిలరు వాడకంలో ఖాళీ కావడమన్నది ఉండదు. కానీ నీళ్ళు నింపకుండా ఖాళీ బాయిలరుకు మంట పెడితే మాటు కరిగి అతుకు ఊడుతుంది. అందుకే పిల్లల్ని అగ్గిపెట్టె ముట్టనిచ్చేది కాదు అమ్మమ్మ.

పత్తి కట్టె, కొబ్బరి డొక్కలు, మిరప కట్టె, ఏది దొరికితే అది వేసేవారు. పొగ గొట్టంలోంచి పైకి పోకుండా కిందికి తన్నుతోందంటే గొట్టంలో మసి పట్టిందని అర్థం. మంట మండుతూనే నీళ్ళు కాగడం లేదంటే జల్లెడ కింద బూడిద నిండి గాలి ఆడడం లేదని అర్థం. కాళ్ళ దగ్గర తడి కనిపిస్తే మాట్లు వేసే ఆయన ఊళ్ళోకి వచ్చేదాకా ఆగాలి. జబ్బు ఏదైనా కళ్ళెదుటే ఉండేది. దాన్ని కనిపెట్టడానికి ఎవరినీ పిలవక్కర్లేదు.

అలా చెప్పినప్పుడు అమ్మమ్మ కళ్ళ సంగతి కూడా చెప్పాలి. తెల్లవారకముందే లేచి, మంచులో తడిసిన కట్టెను ఊదుతూ కూర్చుంటే ఎర్రబడి నీరు కారేవి. ఆ పొగ ఆరుబయట కాబట్టి ఇంట్లో తక్కినవాళ్ళం బతికిపోయాం. గాలాడని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజరు బిగించుకునేవారికి ప్రతి చలికాలం నేను చెప్పే మాట మళ్ళీ చెబుతున్నాను: కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ఆ గీజరును గోడ అవతల, ఆరుబయట పెట్టించండి.

రెండో రోజు కూకట్‌పల్లిలో చిన్న షాపు నడిపే పెద్దాయన్ని తీసుకొచ్చాను. ఆయన ముందు ఎంసీబీ దించి, టెస్టరుతో చూసి, నీళ్ళన్నీ బకెట్లోకి దించాడు. అడుగున తెల్లటి పెచ్చులు, ఇటుక రంగు మడ్డి. ప్లాస్టిక్ డొప్ప తీసి బోల్టులు విప్పి ఎలిమెంటు బయటికి లాగాడు. పెన్సిలంత ఉండాల్సింది బొటనవేలంత లావై ఉంది. మా వైపంతా బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళే. తాగే నీళ్ళలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే దారి లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు అంటుంది భారతీయ ప్రమాణం. ఇక్కడ బోర్లలో 600 దాటడం వింతేమీ కాదు. నీళ్ళు కాగినప్పుడు వాటిలోని సున్నం విడిపోయి అన్నిటికంటే వేడిగా ఉన్నచోటే గట్టిపడుతుంది. అంటే ఎలిమెంటు మీదే. పొర మందమయ్యేకొద్దీ వేడి నీళ్ళలోకి పోలేక లోపలి తీగ మాడుతుంది. గీజరు గుడగుడలాడేది కూడా ఆ పొర కింద చిక్కుకున్న నీళ్ళు ఆవిరవుతున్నప్పుడే.

ఆ పక్కనే ఉండాల్సిన మెగ్నీషియం కడ్డీ లేదు. దాని నడుమ ఉండే ఇనప తీగ మాత్రం మిగిలింది, దానికి అక్కడక్కడా బూడిదరంగు పొడి. ‘ఇది ఎప్పుడో అయిపోయిందమ్మా. ఇది ఉన్నంతకాలం తుప్పు దీన్ని తింటది, అయిపోయాక ట్యాంకును తింటది’ అన్నాడాయన. వాల్వు పొడిగానే ఉంది. నీళ్ళు కారుతున్నది ట్యాంకు అతుకులోంచే.

వెల్డింగ్ పెట్టిద్దామా అని అడిగారు ఆవిడ. కుదరదు. ఉక్కు ట్యాంకుకు లోపల గాజుపూత ఉంటుంది. వెల్డింగ్ వేడికి అతుకు చుట్టూ ఆ పూత పగిలిపోతుంది, తుప్పు అక్కణ్నుంచే మళ్ళీ మొదలవుతుంది. గడప మీదినుంచి మొదటివాడు చెప్పిన మాటే నిలిచింది.

అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను. ఏది చెడినా బాగుచేసుకోవచ్చనే నమ్మకం నాకు ఆ బాయిలరు దగ్గరే పుట్టింది. కానీ అక్కడ రిపేరు జరిగింది ఎంత? మాట్లు వేసే ఆయన ఎప్పుడో గానీ రాలేదు. అమ్మమ్మ రోజూ బూడిద తీసేది, గొట్టంలో కర్ర పెట్టి మసి దులిపేది, వారం వారం చింతపండుతో తోమేది. చెడిన తర్వాత విప్పే పనికి నేను ఇన్నేళ్ళూ ఇచ్చిన గొప్పతనం, చెడకముందు విప్పే పనికి దక్కాల్సింది. ఆ కడ్డీని సమయానికి మార్చి ఉంటే ట్యాంకు ఇంకా కొన్నేళ్ళు నడిచేది.

ఆవిడ కొత్త గీజరు కొంటున్నారు. షాపులో రెండు విషయాలు అడగమన్నాను: గోడ నుంచి దించకుండానే కడ్డీ మార్చడానికి వీలుంటుందా, విడి కడ్డీ ఈ ఊళ్ళో దొరుకుతుందా. మా బోరు నీళ్ళకైతే ఏడాదికోసారి విప్పించి చూడాలన్నాడు పెద్దాయన. దసరా వెళ్ళగానే, చలి మొదలవకముందే చేయిస్తే మంచిది. జనవరిలో మెకానిక్కులకు తీరిక ఉండదు.