ఫోన్ తెర మీది నంబరుకు పూచీ ఎవరిది?

తిరుపతి బస్టాండు దగ్గర ఓ లాడ్జి అనుకోండి. 204 గదిలోంచి ఎవరో చిత్తూరులోని చుట్టానికి ఫోన్ చేశారు. లాడ్జి ఎక్స్ఛేంజి ఆ కాల్‌ని సిప్ (ఇంటర్నెట్‌లో కాల్స్ కలిపే పద్ధతి) సందేశంగా మార్చి, ‘ఫ్రమ్’ వరుసలో 204 అని రాసి, ఇంటర్నెట్ లైన్లో టెలికం కంపెనీకి పంపుతుంది. ఆ 204తో చిత్తూరు వాళ్లకేం పని? తిరిగి చేద్దామన్నా కుదరదు. అసలు చిక్కు వేరే ఉంది. ‘ఫ్రమ్’లో ఏం రాయాలన్నది పంపేవాడి ఇష్టం. బ్యాంకు నంబరు రాసినా అడ్డు చెప్పేదేమీ అందులో లేదు.

అందుకే కంపెనీ నెట్‌వర్క్ గుమ్మంలో సెషన్ బోర్డర్ కంట్రోలర్‌ని పెడతారు. ఈ పని చేసేవాళ్లు ఎస్‌బీసీ అంటారు. అలిపిరి దగ్గర ఎవరేం చెప్పుకున్నా సంచి స్కానర్‌లో పెట్టాల్సిందే కదా, ఇక్కడా అంతే.

2002లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3325 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ‘పి-అసర్టెడ్-ఐడెంటిటీ’ అనే ఇంకో వరుసను తెచ్చింది. ‘ఫ్రమ్’ చందాదారు చెప్పుకునే మాటైతే, ఇది నెట్‌వర్క్ ఇచ్చే పూచీ. లాడ్జి వైపు నుంచి ఈ వరుస ముందే రాసుకుని వస్తే ఎస్‌బీసీ నమ్మదు, తీసి పారేస్తుంది. కాల్ ఏ లైన్లో వచ్చిందో చూసి, ఆ లైనుకు కేటాయించిన నంబరును తానే రాస్తుంది. 0877లోని సున్నా తీసేసి ముందు +91 చేరుస్తుంది. అప్పుడది ఏ దేశం ఎక్స్ఛేంజికైనా అర్థమవుతుంది.

నాకు ముచ్చటేసేది ఎస్‌బీసీ చేసే రెండో పని. నా నంబరు దాచమని చందాదారు కోరాడనుకోండి. నమ్మకమున్న నెట్‌వర్కుల మధ్య ఆ నంబరు లోలోపల ప్రయాణిస్తూనే ఉంటుంది, అవతలి తెర మీదికి మాత్రం రాదు. నమ్మకం లేని నెట్‌వర్కులోకి దాటే చోట ఎస్‌బీసీ పూచీ వరుసనే చెరిపేస్తుంది. ఎవరిని నమ్మాలన్న సెట్టింగు ఒక్కటి తారుమారైతే చాలు, దాచిన నంబరు బయట పడ్డట్టే.

మదనపల్లె, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ఎందరో. అక్కడి నంబరుతో చేస్తే ఇక్కడ +965 కనబడాలి. విదేశీ లైన్లో +91 నంబరు వచ్చిందంటే అనుమానించాల్సిందే. అలాగని అన్నీ ఆపేయడానికీ లేదు, రోమింగ్‌లో ఉన్న మన సిమ్ నుంచి వచ్చే కాల్ కూడా అలాగే కనబడుతుంది మరి. ఇలాంటి నకిలీలను ఏరడానికి కేంద్ర టెలికం శాఖ 2024 అక్టోబర్ 22న ఒక వ్యవస్థను ప్రారంభించింది. మొదటి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ ఆపామని ప్రకటించింది.

బోలెడు సిమ్‌లు పెట్టి నడిపే సిమ్‌బాక్సు అనే పెట్టె ముందు మాత్రం ఈ కాపలా పనిచేయదు. ఇంటర్నెట్‌లో వచ్చిన కువైట్ కాల్‌ని అది ఇక్కడి సిమ్‌లోకి మళ్లిస్తే, టవరుకు అది మామూలు లోకల్ కాలే. ఆ సిమ్ నంబరూ అసలుదే. కొడుకు ఫోన్ చేస్తున్నా, ఎవరిదో తెలియని నంబరని తల్లి ఎత్తదు. ఇలాంటి పెట్టెలను పట్టుకోవడానికి కంపెనీలు కాల్ రికార్డులు జల్లెడ పడతాయి. ఒకే టవరు కింద కదలకుండా పడి ఉండి, పొద్దస్తమానం కాల్స్ చేస్తూ, తమకు మాత్రం ఒక్కటీ రాని సిమ్‌లను వెతుకుతాయి.