పనిముట్లు పోయాయి, రాత మిగిలింది

మన గుడుపల్లె మండలంలో బిసానత్తం, చిగురుగుంట బంగారు గనులున్న రాతిపట్టీ కోలారు నుంచి సాగివచ్చిందే. ఆ జాతి రాళ్లను విడదీసి ధార్వార్ అని పేరు పెట్టినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. మద్రాసు పక్కన పల్లవరంలో పాతరాతి యుగపు పనిముట్టును గుర్తుపట్టిందీ ఆయనే, 1863 మే 30న. రోజుతో సహా రాసి పెట్టుకున్నాడు. ఆ అలవాటు విలువ బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం గవుల్లో తెలిసింది.

ఈ గవుల్లోని ఎముకల గురించి కెప్టెన్ న్యూబోల్డ్ 1844లోనే వ్యాసం ప్రచురించాడు. ఆ తర్వాత నలభై ఏళ్లు ఎవరికీ పట్టలేదు. లండన్ నుంచి జీవశాస్త్రవేత్త హక్స్లీ చెప్పగా మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్ కదిలాడు, ఫుట్‌ను పంపాడు. 1884లో ఆయన మొదలుపెట్టిన తవ్వకాన్ని కొడుకు లెఫ్టినెంట్ హెన్రీ కొనసాగించాడు. గవులకు కెథెడ్రల్, పర్గేటరీ, చార్నెల్ హౌస్ అని పేర్లు పెట్టుకున్నారు. వేడుకగా ఉంటుంది గానీ, ఏ ఎముక ఏ గవిదో తికమక పడకుండా ఉండాలంటే ఒక్కో గవికీ ఒక పేరుండాలి. జంతువుల ఎముకలను లిడెక్కర్ పరిశీలించి 1886లో వివరించాడు. అందులో ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టాడు.

జంతువుల ఎముకల మధ్య మనిషి చెక్కిన ఎముక పనిముట్లు కూడా ఉన్నాయని ఫుట్ రాశాడు. వాటిని ఫ్రాన్సు గవుల్లో దొరికిన మాగ్దలేనియన్ పనిముట్లతో పోల్చాడు. తీరా ఆ పనిముట్లే కనబడకుండా పోయాయి. వస్తువు లేని మాటను ఎవరు నమ్ముతారు? అనుమానాలు సహజం.

1970లలో ఎం.ఎల్.కె. మూర్తి, కె. తిమ్మారెడ్డి అదే ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిని తవ్వారు. రాతి పనిముట్లతో పాటు ఎముక పనిముట్లూ దొరికాయి. నాకు అన్నిటికంటే నచ్చింది అక్కడి పొయ్యి. మట్టి బాగా కాలితే, రేడియోధార్మికత వల్ల అందులో అప్పటిదాకా పోగైన శక్తి ఖాళీ అవుతుంది, లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ప్రయోగశాలలో ఆ మట్టిని మళ్లీ వేడిచేస్తే వెలువడే కాంతిని బట్టి చివరిసారి ఎప్పుడు కాలిందో చెప్పొచ్చు. నంబి, మూర్తి 1983లో ప్రకటించిన లెక్క ప్రకారం అది సుమారు 17,390 ఏళ్ల కిందట, పది శాతం అటూ ఇటూగా. ఆ పది శాతాన్ని దాచకుండా చెప్పడమూ పనితనమే.

ఫుట్ తేదీని కనిపెట్టలేదు, ఆ కాలానికి అందుకు సాధనమే లేదు. ఏ గవిలో ఏం దొరికిందో మాత్రం రాసిపెట్టాడు. తొంభై ఏళ్ల తర్వాత వచ్చినవాళ్లకు ఎక్కడ గడ్డపార వెయ్యాలో ఆ కాగితాలే చెప్పాయి. ఇక పనిముట్టు కాదు, మనిషినే చూపించమంటారా? అదే ప్రాంతంలో జ్వాలాపురం రాతి చరియ కింద పెట్రాగ్లియా, కొరిసెట్టర్ బృందం తవ్వినప్పుడు మనిషి పుర్రె ముక్కలు దొరికాయి.